ఆటిజం ఉన్న బిడ్డకు సరైన సైకాలజిస్ట్ ఎవరు? ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నలు ఇవే..

రెండేళ్లు దాటినా మాటలు రావడం లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడటం లేదు. బొమ్మ కారు ఇస్తే నడపకుండా చక్రం ఒక్కటే తిప్పుతూ కూర్చుంటున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లేమో "మగపిల్లాడు కదా, వాళ్ల నాన్నకీ మాటలు లేటుగానే వచ్చాయి" అని సర్దిచెబుతారు. అలా ఏడాది గడిచిపోయాక ఎవరో ఒకరు "ఆటిజం కావచ్చు, సైకాలజిస్ట్‌కి చూపించండి" అంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఏ సైకాలజిస్ట్? ఎక్కడ ఉంటారు? వాళ్లు సరైనవాళ్లని ఎలా తెలుస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. అంటే ఇది ఎక్కడో సిటీల్లో మాత్రమే ఉండే సమస్య కాదు. పోలవరం లాంటి మండలంలో కూడా ఇలాంటి పిల్లలు ఉంటారు. కాకపోతే సిటీలో ఉన్నవాళ్లకి నలుగురిని చూసి ఎంచుకునే వీలుంటుంది. ఇక్కడి వాళ్లకి ఒకరి దగ్గరికి వెళ్లి రావడానికే ఒక రోజు పోతుంది.

పోలవరం నుంచి చూస్తే..

పోలవరం ఏలూరు జిల్లాలో ఉంది. కానీ ఆస్పత్రి అనగానే ఇక్కడి వాళ్లు ఎక్కువగా చూసేది రాజమండ్రి వైపే. పట్టిసీమ, తాళ్లపూడి మీదుగా కొవ్వూరు చేరి, గోదావరి వంతెన దాటాలి. కొత్త చోటు, గోల, జనం అంటే బెంబేలెత్తే బిడ్డతో బస్సులో ఈ ప్రయాణం మామూలు విషయం కాదు. కూలి పనికి వెళ్లే ఇంట్లో అయితే ఆ రోజు కూలి కూడా పోయినట్టే.

అందుకే ఇక్కడి తల్లిదండ్రులకు "పెద్ద పేరున్న సైకాలజిస్ట్ ఎవరు?" అన్నది అసలు ప్రశ్న కాదు. వారానికో, పదిహేను రోజులకో ఒకసారి వెళ్లినా బిడ్డకు ఉపయోగపడేలా పని చేసేది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. మిగతా రోజులన్నీ బిడ్డ ఉండేది ఇంట్లోనే. కాబట్టి అమ్మానాన్నలకు పని నేర్పించే సైకాలజిస్టే ఇలాంటి కుటుంబాలకు సరైన సైకాలజిస్ట్.

ముందు ఎవరు ఏం చేస్తారో తెలుసుకోండి

బోర్డు మీద "సైకాలజిస్ట్" అని ఉన్నంత మాత్రాన అందరూ ఒకటే పని చేయరు.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాసేది వీళ్లే. ఆటిజాన్ని పోగొట్టే మందు ఏదీ లేదు. నిద్ర పట్టకపోవడం, విపరీతమైన చిరాకు, తనని తాను కొట్టుకోవడం లాంటివి ఉంటే వీళ్ల సాయం అవసరం పడుతుంది.

క్లినికల్ సైకాలజిస్ట్ బిడ్డను పరిశీలించి, పరీక్షలు పెట్టి, ఆటిజం ఉందా, ఎంత మేరకు ఉంది, తెలివితేటలు ఎలా ఉన్నాయి అన్నది అంచనా వేస్తారు. ప్రవర్తనకు సంబంధించిన థెరపీ ప్లాన్ చేస్తారు. మందులు రాయరు.

కౌన్సెలింగ్ సైకాలజిస్ట్ ఎక్కువగా ఒత్తిడి, కుటుంబ సమస్యల మీద మాట్లాడతారు. తల్లిదండ్రులకు వీళ్ల వల్ల ధైర్యం రావచ్చు. బిడ్డకు ఆటిజం ఉందో లేదో తేల్చడం మాత్రం వేరే శిక్షణ ఉన్నవాళ్ల పని.

వీళ్లు కాక మాట కోసం స్పీచ్ థెరపిస్ట్, చేతి పనులు, స్పర్శ, శబ్దం లాంటి ఇబ్బందులకు ఆక్యుపేషనల్ థెరపిస్ట్, చదువు కోసం స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటారు. మంచి సైకాలజిస్ట్ అన్నీ నేనే చేస్తానని అనరు. ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పి పంపిస్తారు.

ఇంకో ముఖ్యమైన మాట. మాటలు రాని బిడ్డకు ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. వినపడకపోయినా బిడ్డ పిలుపుకు పలకడు. ఆ రిపోర్టు అడగకుండానే ఆటిజం అని తేల్చేసేవాళ్లను కాస్త అనుమానించాల్సిందే.

రిజిస్ట్రేషన్ నంబర్ అడగడం తప్పు కాదు

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్సీఐ దగ్గర నమోదు చేసుకోవాలి. 1992లో వచ్చిన ఆర్సీఐ చట్టం ప్రకారం రిజిస్టర్‌లో పేరు లేకుండా ఇలాంటి సేవలు అందిస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. స్పెషల్ ఎడ్యుకేటర్లకు కూడా ఈ రిజిస్ట్రేషన్ ఉంటుంది.

రిజిస్టర్‌లో ఉన్నవాళ్లకు ఒక నంబర్ ఇస్తారు. ఆర్సీఐ వెబ్‌సైట్లో పేరుతోగానీ, నంబర్‌తోగానీ వెతకొచ్చు. ఫోన్‌లో చూడటం రాకపోతే ఊళ్లో చదువుకునే పిల్లలెవరైనా రెండు నిమిషాల్లో చూసి పెడతారు. రిజిస్ట్రేషన్ గడువు ఉందా, అయిపోయిందా అన్నది కూడా చూసుకోవాలి. "మీ ఆర్సీఐ నంబర్ చెబుతారా సార్?" అని అడిగితే సక్రమంగా ఉన్నవాళ్లు కోప్పడరు.

ఫీజు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు

1. ఆటిజం ఉన్న చిన్నపిల్లలను చూస్తారా, ఎంతకాలంగా చూస్తున్నారు? పెద్దవాళ్ల సమస్యలు చూసే అనుభవం ఇక్కడ సరిపోదు.

2. ఏ పరీక్షలు పెడతారు? ఒక్కసారి చూసి ఐదు నిమిషాల్లో తేల్చేది కాదు ఇది. బిడ్డ ఆడుకుంటుంటే గమనించాలి, తల్లిదండ్రులను వివరంగా అడగాలి.

3. రాతపూర్వకంగా రిపోర్టు ఇస్తారా? పరీక్ష పేరు, స్కోరు, తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న రిపోర్టు చేతికి రావాలి. రేపు స్కూల్లో, ఆస్పత్రిలో, సర్టిఫికెట్ దగ్గర అడిగేది అదే.

4. సెషన్ జరిగేటప్పుడు మమ్మల్ని లోపల కూర్చోనిస్తారా? దూరం నుంచి వచ్చే కుటుంబాలకు ఇది అన్నిటికంటే ముఖ్యం. తలుపు వేసేసి, గంట తర్వాత బిడ్డను అప్పగించి పంపిస్తే ఇంటి దగ్గర చేయడానికి ఏమీ తెలియదు.

5. ఇంటి దగ్గర ఏం చేయాలో రాసి ఇస్తారా? మధ్యలో ఫోన్‌లోగానీ, వీడియో కాల్‌లోగానీ మాట్లాడతారా?

6. మూడు నెలల్లో ఏం మార్పు కోసం చూస్తున్నాం? "బాగైపోతాడు" అన్నది జవాబు కాదు. "నీళ్లు కావాలంటే ఏడవకుండా గ్లాసు చూపించడం" లాంటి లెక్కకు అందే లక్ష్యం చెప్పాలి.

7. మొత్తం ఎన్ని సెషన్లు, ఒక్కోదానికి ఎంత? ఏడాది ప్యాకేజీ ముందే కట్టమంటే తొందరపడొద్దు.

భాష కూడా చూసుకోవాలి

పోలవరం చుట్టుపక్కల ఏజెన్సీ ఊళ్లలో కోయ మాట్లాడే కుటుంబాలున్నాయి. ఇంట్లో కోయ మాత్రమే విన్న బిడ్డకు తెలుగులోనో, ఇంగ్లిష్‌లోనో ప్రశ్నలు వేసి "అర్థం చేసుకోలేకపోతున్నాడు" అని రాసేస్తే ఆ రిపోర్టుకు విలువ లేదు. ఇంటి భాషలో అడిగి చెప్పడానికి కుటుంబ సభ్యుల్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోమని కోరవచ్చు. మాటలు రాని పిల్లల విషయంలో నోటి జవాబులు అవసరం లేని పరీక్షలు, తల్లిదండ్రులను అడిగి నింపే వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ లాంటివి ఉన్నాయి.

ప్రాజెక్టు కోసం ఊరు వదిలి పునరావాస కాలనీలకు మారిన ఇళ్లలోనూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రోజూ చూసే దారి, ఇల్లు, మనుషులు ఒక్కసారిగా మారితే ఆటిజం ఉన్న పిల్లలు తట్టుకోవడం కష్టం. బిడ్డలో ఏడుపు, మొండితనం ఒక్కసారిగా పెరిగితే ఇల్లు మారిన విషయం సైకాలజిస్ట్‌కు తప్పకుండా చెప్పాలి.

ఇంట్లో చేసేది నిజంగా పని చేస్తుందా?

చేస్తుంది అనడానికి ఆధారం ఉంది. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 2 నుంచి 9 ఏళ్ల మధ్య ఉన్న 65 మంది పిల్లలతో చేసిన పరిశోధన 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. అక్కడ తల్లిదండ్రులకు నేర్పించింది పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ తీసుకున్న మామూలు ఆరోగ్య కార్యకర్తలు. బిడ్డ చేసేదాన్ని గమనించి, దానికి తగ్గట్టు స్పందించడం తల్లిదండ్రులకు అలవాటయింది. పిల్లలు తమంతట తాము పలకరించడం, అడగడం పెరిగింది. ఆటిజం పోయిందని కాదు. బిడ్డకూ ఇంటికీ మధ్య దారి తెరుచుకుంది.

ఇందులో ఖరీదైన బొమ్మలేవీ అక్కర్లేదు. పొద్దున్నే ఇడ్లీ, అట్టు రెండూ చూపించి ఏది కావాలో ఎంచుకోనివ్వడం, స్నానానికి ముందు ప్రతిసారీ చెంబు చూపించి చెప్పడం, బిడ్డ చక్రం తిప్పుతుంటే పక్కనే కూర్చుని అదే ఆటలో కలవడం.. ఇలాంటివే. ఏ బిడ్డకు ఏది, ఎంతసేపు అన్నది నేర్పించడమే సైకాలజిస్ట్ పని.

ప్రభుత్వం వైపు నుంచి ఏమున్నాయి?

మొదటి మెట్టు అంగన్‌వాడీ, ఆశా కార్యకర్త. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఎదుగుదల లోపాలు కూడా అందులో ఉన్నాయి. అనుమానం ఉన్న పిల్లలను జిల్లా స్థాయిలోని డీఈఐసీ, అంటే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. పిల్లల డాక్టర్, సైకాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్ ఒకేచోట ఉండాలన్నది ఆ కేంద్రం ఉద్దేశం. వెళ్లే ముందు ఏ రోజు ఎవరు ఉంటారో ఫోన్ చేసి కనుక్కుంటే తిరుగుడు తప్పుతుంది. 2023 సెప్టెంబర్‌లో ఏలూరు, రాజమండ్రిల్లో కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు కూడా ప్రారంభమయ్యాయి. అక్కడి బోధనాసుపత్రుల్లో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగంలో అడగొచ్చు.

బడి వయసు పిల్లలకు సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలున్నాయి. మండల విద్యాశాఖ ఆఫీసులో అడిగితే వివరాలు చెబుతారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. 1995 నాటి పాత చట్టంలో దీని పేరే లేదు. సర్టిఫికెట్ కోసం గ్రామ సచివాలయంలోగానీ, మీసేవలోగానీ సదరం స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆటిజం తీవ్రతను కొలవడానికి ఇసా అనే భారతీయ స్కేలు వాడతారు. దాన్ని తయారు చేసింది సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే (ఇప్పటి పేరు నీపిడ్). ఇందులో 40 అంశాలుంటాయి. మొత్తం స్కోరు 70 లోపు అయితే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆ పైన తీవ్రం. రిపోర్టులో ఆ అంకె ఉంటే దాని అర్థం ఏంటో సైకాలజిస్ట్‌ను అడిగి తెలుసుకోవాలి.

నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఆటిజం ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. థెరపీ ఖర్చుకూ ఇందులో కొంత వస్తుంది.

ఇలా అంటే జాగ్రత్త!

"పూర్తిగా నయం చేస్తాం, గ్యారంటీ" అన్నా, "స్టెమ్ సెల్ ఎక్కిస్తే మాటలొస్తాయి" అన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిది. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫార్సు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్నది కూడా అబద్ధం. ఆ మాట పుట్టించిన 1998 నాటి పరిశోధన పత్రాన్ని లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

"తల్లి సరిగ్గా చూసుకోకే ఇలా అయింది" అనే సైకాలజిస్ట్ దగ్గరికి రెండోసారి వెళ్లక్కర్లేదు. పెంపకం లోపం వల్ల ఆటిజం రాదు. బిడ్డను కొట్టి, కట్టేసి, ఆకలితో ఉంచి నేర్పిస్తామనే చోట ఒక్క రోజు కూడా ఉంచొద్దు.

వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

కొత్త చోటికి వెళ్లగానే బిడ్డ ఏడుపు మొదలుపెడితే సైకాలజిస్ట్‌కు అసలు బిడ్డ కనిపించడు. అందుకే ఇంట్లో ఆడుకునేటప్పుడు, అన్నం తినేటప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు ఎలా ఉంటాడో రెండు మూడు నిమిషాల వీడియోలు ఫోన్‌లో తీసి పెట్టుకోవాలి. కాన్పు కాగితాలు, తల్లీబిడ్డ కార్డు, వినికిడి రిపోర్టు, పాత మందుల చీటీలు ఒక కవర్లో ఉంచాలి. ఎప్పుడు నడిచాడు, మొదటి మాట ఎప్పుడు, వచ్చిన మాటలు ఎప్పుడైనా పోయాయా అన్నది కాగితం మీద రాసుకోవాలి. బిడ్డకు ఇష్టమైన బొమ్మ ఒకటి మర్చిపోవద్దు.

మూడు నెలలయ్యాక అనుకున్న లక్ష్యాలు ఎంతవరకు వచ్చాయో సైకాలజిస్ట్‌తో కూర్చుని చూసుకోవాలి. రాకపోతే ప్లాన్ మార్చమని అడగొచ్చు, రిపోర్టు తీసుకుని ఇంకొకరి అభిప్రాయమూ కోరొచ్చు. అపాయింట్‌మెంట్ దొరకడానికి నెల పట్టినా ఈలోపు బిడ్డతో మాట్లాడటం, ఆడటం ఆపొద్దు. ఏం చేయాలో తోచనప్పుడు టెలీ మానస్ నంబర్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. తల్లిదండ్రులు తమ బాధ చెప్పుకోవడానికి కూడా ఈ నంబర్ వాడుకోవచ్చు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ బిడ్డ విషయంలో నిర్ణయాలు డాక్టర్, రిజిస్టర్డ్ నిపుణుల సలహాతోనే తీసుకోండి.)