పట్టాలు లేని రైలుదారి

రైలు రాకతో కళకళలాడిన పల్లెలు, రైలు ఆగిపోగానే వెలవెలబోవడం అనేక దేశాల అనుభవం. న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని సెంట్రల్ ఒటాగో ప్రాంతానికి కూడా ఆ ఆపద సంభవించింది. అయితే అక్కడి ప్రజలు పాడుపడిన రైలుమార్గాన్నే సైకిలు బాటగా మార్చి, దానినే తమ జీవనాధారంగా మలచుకొన్నారు. ఆ బాట పేరు ఒటాగో సెంట్రల్ రైల్ ట్రైల్. క్లైడ్ నుండి మిడిల్‌మార్చ్ వరకు దాని పొడవు 152 కిలోమీటర్లు.

ఒటాగోలో 1861లో బంగారం బయటపడింది. ఆ తరువాత జనం పెరిగి, గొర్రెల పెంపకం, పండ్లతోటల పెంపకం విస్తరించాయి. ఈ ప్రాంతాన్ని డునెడిన్ నగరంతో కలపడానికి 1879లో రైలుమార్గ నిర్మాణం ఆరంభమైంది. అది 1891లో మిడిల్‌మార్చ్‌కు, 1907లో క్లైడ్‌కు, 1921లో క్రామ్‌వెల్‌కు చేరింది. కాలక్రమాన లారీల రవాణా పెరిగి రైలుకు గిరాకీ తగ్గింది. క్లైడ్ ఆనకట్టకు నిర్మాణ సామగ్రిని చేరవేయడమే దాని చివరి పెద్ద బాధ్యత. 1990లో మిడిల్‌మార్చ్‌కు ఆవలి మార్గం మూతపడింది. పట్టాలను తొలగించారు.

1993లో ఆ దేశపు ప్రకృతి పరిరక్షణ శాఖ ఈ భూమిని స్వీకరించింది. 1994లో ఏర్పడిన ఒక ధర్మనిధి సంస్థ బాట నిర్మాణానికి తోడ్పడింది. తమ పొలాల ప్రక్కగా అపరిచితులు తిరగడం ఇష్టంలేక కొందరు రైతులు మొదట వ్యతిరేకించారు. అయినా వంతెనలకు చెక్కలు పరచి, అంచులకు కటకటాలు అమర్చి, 2000లో బాటను పూర్తిగా ప్రారంభించారు.

రైలుమార్గం సైకిలుకు అనుకూలం కావడానికి శాస్త్రీయమైన కారణం ఉంది. ఉక్కు పట్టాలపై ఉక్కు చక్రాలకు పట్టు తక్కువ. అందువల్ల బరువైన రైలు నిటారైన ఎత్తును ఎక్కలేదు. ఇంజనీర్లు కొండలను తొలిచి, లోయలపై వంతెనలు కట్టి, వాలును బాగా తగ్గించారు. ఇక్కడ అత్యధిక వాలు సుమారు యాభైకి ఒకటి. అనగా యాభై మీటర్లు ముందుకు సాగితే ఒక్క మీటరు పైకి ఎక్కుతాము. కనుక సామాన్య శక్తి గలవారు సైతం దీనిపై ప్రయాణించగలరు.

అయినా ముందస్తు ప్రణాళిక తప్పనిసరి. బాట రెండు చివరల నుండి క్రమంగా పైకెక్కి, వెడర్‌బర్న్ సమీపంలో 618 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. నాలుగు రోజుల ప్రయాణాన్ని ఇలా విభజించుకోవచ్చు. మొదటి రోజు క్లైడ్ నుండి ఒమాకావ్ వరకు సుమారు 37 కిలోమీటర్లు, రెండవ రోజు వెడర్‌బర్న్ వరకు 41, మూడవ రోజు హైడ్ వరకు 47, చివరి రోజు మిడిల్‌మార్చ్ వరకు 27. దూరాలను సమానంగా పంచడం కన్నా, రాత్రి బస దొరికే ఊళ్ళను బట్టి పంచుకోవడం వివేకం. ఊళ్ళు చిన్నవి, వాటి నడుమ దూరం ఎక్కువ. బసను ముందుగా ఖాయం చేసుకోనివారు చీకటిపడ్డాక మరో ఊరికి సైకిలు తొక్కవలసి వస్తుంది.

రెండవ రోజు మార్గంలో పూల్‌బర్న్ లోయ వస్తుంది. అక్కడి వంతెన ఎత్తు 37 మీటర్లు. సమీపంలోని రెండు సొరంగాలలో దీపాలు లేవు కనుక టార్చిలైటు అవసరం. హైడ్ సమీపంలో 1943 జూన్ 4న రైలు పట్టాలు తప్పి 21 మంది మరణించారు. అక్కడ నిలిచిన స్మారక చిహ్నం ఆ విషాదాన్ని గుర్తుచేస్తుంది.

దక్షిణార్ధగోళంలో డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు వేసవి. ఇక్కడ వేసవి ఎండ తీవ్రం, చెట్ల నీడ స్వల్పం. శీతకాలంలో నీరు గడ్డకట్టేంత చలి. ఎదురుగాలి వీచినపుడు చదునైన దారి కూడా ఎత్తు ఎక్కినట్లే అలసట కలిగిస్తుంది. కాబట్టి తాగునీరు, చలిదుస్తులు, వానకోటు, పంక్చరు సామగ్రి వెంట ఉండాలి. శిరస్త్రాణం ధరించడం ఆ దేశంలో చట్టరీత్యా తప్పనిసరి.

ఈ బాటకు ఇరువైపులా పచ్చిక మైదానాలు ఉన్నాయి. దారిలో తలుపులు ఎదురైతే, మూసి ఉన్నవాటిని తిరిగి మూయాలి. నిర్లక్ష్యం చేస్తే రైతుల గొర్రెలు చెదిరిపోతాయి. ఒకనాడు సందేహించిన ఆ గ్రామాలే నేడు బాటసారులకు ఆశ్రయమిస్తున్నాయి. పాత హోటళ్ళకు, అంగళ్ళకు మళ్ళీ గిరాకీ వచ్చింది. ప్రయాణికుడు అక్కడ తిని, అక్కడ బసచేసి, అక్కడివారి నియమాలను గౌరవించినపుడే ఆ బాట నిలుస్తుంది. పనికిరాదని విడిచిపెట్టిన సంపద కూడా సమష్టి కృషితో ఊరికి ఉపాధి కాగలదని సెంట్రల్ ఒటాగో నిరూపించింది.