జలపాతానికి వెళ్తున్నారా? వెదర్ యాప్‌లో పిన్ కొంచెం పైకి జరపండి

ఆగస్టు చివర్లో ఒక ఆదివారం. ఓ మిడ్‌రేంజ్ ఫోన్ కెమెరా టెస్ట్ కోసం నలుగురం వైజాగ్ నుంచి కటికి జలపాతానికి బయల్దేరాం. బొర్రా దగ్గర కారు ఆపేసి, జీపెక్కి, చివర్లో కాసేపు నడిచాం. పైన ఎండ కాస్తోంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి. నేను మోకాలి లోతులో నిలబడి స్లో మోషన్ తీస్తున్నా.

ఒడ్డున బొంగు చికెన్ కాలుస్తున్న పెద్దాయన కేకేశాడు: "బాబూ, బేగి బయటికొచ్చీయండి. నీరు రంగు మారిపోనాది."

మావాడొకడు యాప్ ఓపెన్ చేసి, "లేదు బాబాయ్, వానకి 20 శాతమే ఛాన్స్ అంట" అన్నాడు. ఆయన స్క్రీన్ వంక చూడను కూడా చూడలేదు. రాయి మీద పెట్టిన మా కెమెరా బ్యాగు భుజానికేసుకుని గట్టెక్కి పోయాడు. బ్యాగు కోసం మేమూ వెనకాలే వెళ్లాం. పావుగంట తర్వాత చూస్తే మేం నిలబడిన రాయి కనబడలేదు. దాని మీంచి ఎర్రమట్టి నీళ్లు, కొమ్మలు, ఆకులు పోతున్నాయి. మా మీద మాత్రం ఒక్క చినుకు పడలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ యాప్ మళ్లీ చూశాం. లొకేషన్: మధురవాడ. చివరి అప్‌డేట్: ఉదయం 7:40. కొండెక్కాక సిగ్నల్ పోయింది కాబట్టి పొద్దున లోడ్ చేసుకున్నదే చూపిస్తూ కూర్చుంది. యాప్ అబద్ధం చెప్పలేదు. ఇంటి దగ్గరి వాతావరణం చెప్పింది, అంతే.

సరే, సిగ్నల్ ఉండి, లొకేషన్ కరెక్ట్‌గా ఉంటే సరిపోయేదా? అప్పుడూ సరిపోదు. మీరు నిలబడిన వాగులో నీళ్లు మీ నెత్తిన పడ్డ వానవి కావు, ఎగువన పడ్డవి. తూర్పు కనుమల సంగతి మీకు తెలిసిందే. సముద్రం నుంచి ఎస్.కోట దాకా దాదాపు మైదానమే. అక్కడి నుంచి ఘాట్ రోడ్డెక్కితే కాసేపట్లోనే వెయ్యి మీటర్ల ఎత్తుకు దగ్గరవుతాం. బంగాళాఖాతం తేమ గాలి ఈ గోడకి తగిలి పైకి లేస్తుంది, మేఘమవుతుంది, ఒక కొండ మీద కుమ్మేసి పక్క కొండని వదిలేస్తుంది. వాలు ఎక్కువ కాబట్టి ఆ నీరు కిందికి రావడానికి పెద్దగా టైమ్ పట్టదు.

లెక్క చూడండి. చదరపు కిలోమీటరు మీద 1 మిల్లీమీటరు వాన అంటే 10 లక్షల లీటర్లు. ఎగువన 10 చదరపు కిలోమీటర్లలో గంటకి 30 మిల్లీమీటర్లు పడితే 30 కోట్ల లీటర్లు. అందులో కొంత నేల తాగేస్తుంది. ఆగస్టుకి నేల అప్పటికే తడిసి ఉంటుంది కాబట్టి తాగేది తక్కువే. మరోపక్క, వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషి కాళ్లు తప్పించగలదు.

యాప్‌ల వెనక ఉన్న గ్లోబల్ మోడల్స్ భూమిని గళ్లుగా కోసి లెక్కేస్తాయి. అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్‌లో గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరప్ ఈసీఎమ్‌డబ్ల్యూఎఫ్‌లో 9. మన ఐఎండీ 2025 మేలో తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6. ఇది నిజంగా మంచి ఇంప్రూవ్‌మెంటే. అయినా ఒక లోయ, దాని పక్క కొండ ఒకే గడిలో పడిపోవచ్చు.

ఇప్పుడు నేను చేసేది చెప్తా. బయల్దేరే ముందు, వైఫై ఉండగానే, ఓఎస్ఎమ్‌యాండ్ లాంటి కాంటూర్ గీతలు చూపించే మ్యాప్‌లో వాగు పట్టుకుని వేలితో ఎగువకి వెళ్తా. కటికి దగ్గర పారేది గోస్తని. అది పుట్టేది అనంతగిరి కొండల్లో. అందుకని వెదర్ యాప్‌లో పిన్ జలపాతం మీద కాకుండా ఆ కొండల మీద పెడతా. ఐఎండీ వెబ్‌సైట్‌లో విశాఖపట్నం డాప్లర్ రాడార్ బొమ్మ కూడా చూస్తా. ఫోర్‌కాస్ట్ అంచనా మాత్రమే, రాడార్ ఇప్పుడు పడుతున్న వాన. పుణె ఐఐటీఎం వాళ్ల 'దామిని' యాప్ పిడుగుల కోసం: 20, 40 కిలోమీటర్ల పరిధిలో మెరుపులు చూపిస్తుంది. ఎగువన మెరుపులుంటే ఆ రోజు వాగులో దిగను. ఇవన్నీ నెట్ మీద నడిచేవే, కాబట్టి చివరి సిగ్నల్ ఉన్న చోట ఆగి ఇంకోసారి రిఫ్రెష్ చేయాలి. దాన్ని దాటాక మీ కళ్లే. నీరు మసకబారినా, ఆకులు పుల్లలు ఎక్కువైనా, హోరు మారినా, గట్టెక్కేయండి. ఫోన్ తర్వాత.

స్మార్ట్‌వాచ్‌లో బారోమీటర్ 'స్టార్మ్ అలర్ట్' ఉంది కదా అంటారు. పైకెక్కుతుంటే ప్రెషర్ ఎలాగూ పడిపోతుంది, సముద్ర మట్టం దగ్గర ప్రతి 8 మీటర్లకి దాదాపు 1 హెక్టోపాస్కల్ చొప్పున. ఘాట్ రోడ్డు మీద దాన్ని నమ్మలేం. ఒకచోట గంటల తరబడి ఆగితే కొంత పనికొస్తుంది. జీపీఎస్‌కి మాత్రం సిగ్నల్ అక్కర్లేదు, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ పనిచేస్తుంది. అలా పెడితే నెట్‌వర్క్ వెతుక్కుంటూ బ్యాటరీ తినేయడం కూడా ఆగుతుంది. ప్రమాదం జరిగితే 112. మీ సిమ్‌కి టవర్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే కాల్ వెళ్తుంది. విదేశాల నుంచి శాటిలైట్ కమ్యూనికేటర్ తెప్పించుకోవాలనే ఐడియా ఉంటే ఆపేయండి, అనుమతి లేకుండా వాడటం మన దగ్గర చట్టవిరుద్ధం.

ఇక ఐపీ రేటింగ్, అందరూ అడిగేది. ఐపీ68 టెస్ట్ నిలకడగా ఉన్న మంచినీళ్లలో ముంచి చేస్తారు, చాలా ఫోన్లకి 1.5 మీటర్ల లోతు, 30 నిమిషాలు. ఒత్తిడితో కొట్టే ధారకి వేరే టెస్ట్ ఉంది, చివరి అంకె 5 లేదా 6. జలపాతం కింద ఫోన్ పెట్టాలనుకుంటే బాక్స్ మీద ఐపీ66, ఐపీ68 రెండూ రాసున్నాయా చూడండి. రెండూ ఉన్నా నేనైతే పెట్టను. కిందపడి ఫ్రేమ్ కాస్త వంగిన ఫోన్‌కి ఆ రేటింగ్ ఇక లెక్కలోకి రాదు. లోపలికి నీరు పోతే మామూలు వారంటీ కవర్ చేయదు. తడి స్క్రీన్ మీద టచ్ పిచ్చిగా పనిచేస్తుంది కాబట్టి షట్టర్‌కి వాల్యూమ్ బటన్ వాడుకోండి. పోర్ట్ తడిస్తే ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం దండగ, పైగా పిండి పోర్టులోకి పోతుంది.

ఆ రోజు తీసిన స్లో మోషన్ క్లిప్ ఇంటికొచ్చాక పెద్ద స్క్రీన్ మీద చూశా. పదకొండో సెకనులో ఫ్రేమ్ ఎడమ అంచున గోధుమ రంగు చార ఒకటి మొదలవుతుంది. తర్వాతి కొద్ది సెకన్లలో సగం ఫ్రేమ్‌కి వచ్చేస్తుంది. దాని మధ్యలో నా కాళ్లు. స్క్రీన్ మీద స్టెబిలైజేషన్ ఎలా ఉందో చూసుకుంటూ నిలబడ్డానే గానీ అది నా కంట పడలేదు. ఆ ఫోన్ కెమెరా రివ్యూ వచ్చే వారం. ఆ క్లిప్‌ని కట్ చేయకుండా అలాగే పెడుతున్నా.