స్పానిష్‌లో పాట పెట్టమనడం ఎలా?

గిటార్ వాయించినా, ఫుట్‌బాల్ ఆడినా, ఫోనులో పాట పెట్టినా ఇంగ్లీషులో ‘ప్లే’ ఒక్కటి చాలు. స్పానిష్‌లో అది కుదరదు. ఎందుకు?

చేత్తో పలికించే వాద్యం వేరు, ఆట వేరు, మీట నొక్కితే వచ్చే పాట వేరు అని ఆ భాష లెక్క. వాద్యానికి తోకార్. ముట్టుకోవడం దాని మామూలు అర్థం. ఆటకు హుగార్. నిఘంటువులో ‘ప్లే’ దగ్గర మొదట కనబడేది తరచూ ఈ హుగారే. దాన్ని పాటకు తగిలిస్తే వినేవాళ్లకు అర్థం కాదు. లాటిన్ అమెరికాలో కొన్నిచోట్ల రేడియోలో పాట వేశారనడానికి తోకార్ వినిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం దాన్ని వాద్యాలకే ఉంచుకోవడం మంచిది.

పాటకు కావలసింది పోనెర్. అంటే పెట్టడం. ‘పోన్ ఊనా కాన్సియోన్’ అంటే ఒక పాట పెట్టు. ‘పోన్ లా తెలె’ అంటే టీవీ పెట్టు. చనువున్నచోట పోన్, ‘మీరు’ అనవలసినచోట పోంగా. తెలుగులోంచి ఇంత నేరుగా దారి ఉంటే మనం ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వెళ్లడమెందుకు?

టీవీ దగ్గర ఈ పోలిక ఇంకా ముచ్చటగా ఉంటుంది. స్పెయిన్‌లో ‘కే ఎచాన్ ఎన్ లా తెలె?’ అని అడుగుతారు. ఎచార్ అంటే విసరడం, పోయడం, వేయడం. అచ్చంగా మన ‘టీవీలో ఏం వేస్తున్నారు?’ అన్నమాట. వేసేదెవరో మనమూ చెప్పం, వాళ్లూ చెప్పరు. క్రియ చివర బహువచనం ఉంటే చాలు. ‘కే పోనెన్?’ అన్నా అదే. లాటిన్ అమెరికాలో ఎక్కువగా దాన్ (ఇస్తున్నారు), పాసాన్ అంటారు. మాడ్రిడ్‌లో బార్‌కి వెళ్లి మ్యాచ్ చూడాలనిపిస్తే ‘పుఎదె పోనెర్ ఎల్ పార్తీదొ?’ అని అడగండి. మ్యాచ్ పెడతారా అని మర్యాదగా అడిగినట్టే.

ఎమితిర్, త్రాన్స్మితిర్ అనేవి వార్తల భాషలో ప్రసారానికి వాడే మాటలు. రెత్రాన్స్మితిర్ దగ్గర జాగ్రత్త. ముందున్న ‘రె’ని చూసి పునఃప్రసారం అనుకుంటాం. స్పెయిన్‌లో మ్యాచ్‌ని ప్రత్యక్షంగా చూపించడానికీ ఇదే వాడతారు. పాత సీరియల్ మళ్లీ వేస్తే అది రెపోనెర్. ‘లైవ్’ అనడానికి స్పెయిన్‌లో ఎన్ దిరెక్తొ, లాటిన్ అమెరికాలో ఎక్కువగా ఎన్ బీబొ.

యాప్ మీటల మీద రాసి ఉండే రెప్రొదుసిర్ సంగతేమిటి? అది తప్పు కాదు, కానీ పుస్తక భాష. స్నేహితుడితో ‘దాలె అల్ ప్లే’ అంటేనే సహజం. ప్లే మీట నొక్కమని. పాట దానంతటది వస్తోందనాలంటే సోనార్, అంటే మోగడం. డీజేలు పాటలు వేయడానికి స్పెయిన్‌లో పించార్ అంటారు. గుచ్చడం అని అర్థం. రికార్డు మీద ముల్లు పెట్టిన రోజుల మాట అది.

పాట నచ్చకపోతే ‘కీతా ఎసా కాన్సియోన్’ అనండి. ఆ పాట తీసెయ్ అని. పెట్టినదాన్ని వాళ్లూ మనలాగే తీసేస్తారు.