సముద్రతీరమున లాబ్‌స్టరు విందు



ప్రత్తితీత ముగిసి, మిరపకాయలు కల్లమునుండి గుంటూరు యార్డునకు చేరి, పిల్లలకు వేసవి సెలవులు వచ్చినంతనే పర్చూరు ప్రాంతపు కుటుంబములు చీరాల మీదుగా వాడరేవునకో, బాపట్ల మీదుగా సూర్యలంకకో పయనమగుట పరిపాటి. 2022 ఏప్రిలులో బాపట్ల జిల్లా ఏర్పడినది మొదలు పర్చూరును, ఆ రెండు తీరములును ఒక్క జిల్లాలోనివే. కార్తికమున సముద్రస్నానము పుణ్యమునకు. ఆ మాసమున నీచు ముట్టనివారు పెక్కురు. వేసవి ప్రయాణము వినోదమునకు. అందు భోజనమే ప్రధానము. తీరపు హోటళ్ళలోని రొయ్యలు, ఎండ్రకాయలు మనకు క్రొత్తవి కావు. వానికి దగ్గఱి చుట్టమైన లాబ్‌స్టరును గూర్చి నేడు ముచ్చటింతము.

చల్లని అట్లాంటిక్ సముద్రమునందలి లాబ్‌స్టరునకు, ఎండ్రకాయకు వలె, పట్టి నొక్కు పెద్దకాళ్ళు రెండుండును. బంగాళాఖాతమునందలి ముండ్ల జాతులకు అవి లేవు. పొడవైన మీసములును, పెంకుపై ముండ్లును గలవు. కావున వాని మాంసము ముఖ్యముగా తోకయందే. విశాఖపట్నమువైపు రాళ్ళతీర మున్నది, మనది ఇసుకతీరము. అందుచేత నిది మన వలలలో రొయ్యవలె విరివిగా పడదు. మనదేశమున గుజరాతు, మహారాష్ట్ర, తమిళనాడు తీరములు దీనికి ప్రసిద్ధములు.

బ్రతికియున్నప్పుడు ఆకుపచ్చగనో గోధుమవన్నెగనో యుండు ఈ ప్రాణి, ఉడికినంతనే ఎఱ్ఱనగుట చూచి పిల్లలు వింతపడుదురు. ఎఱ్ఱని రంగు మొదటినుండియు పెంకులోనే గలదు. ఒక మాంసకృత్తు దానిని పట్టి మఱుగుపఱచియుండును. వేడికి ఆ పట్టు విడిపోయి అసలురంగు బయటపడును. చచ్చిన లాబ్‌స్టరు మాంసము త్వరగా చెడును గనుక, కదలుచున్నదానినే ఎంచుకొనవలెను. ఎక్కువసేపు ఉడికించిన మాంసము బిఱుసెక్కును. అది స్వభావముచేతనే తియ్యనిది. మన మిరపకారము మితిమీఱిన ఆ తీపి తెలియదు. రొయ్యలు పడనివారికి ఇదియు పడకపోవచ్చును గావున వారు దీని జోలికి పోరాదు.

ఒకప్పు డిది గొప్పవారి వంటకము కాదు. 1623లో అమెరికాలోని ప్లిమత్ వలసకు క్రొత్తగా వచ్చినవారికి రొట్టెలేక లాబ్‌స్టరో చేపయో పెట్టవలసి వచ్చినదని అచ్చటి గవర్నరు బ్రాడ్‌ఫర్డు చింతతో వ్రాసినాడు. పందొమ్మిదవ శతాబ్దమున డబ్బాలలో నింపుటయు, రైళ్ళలో పంపుటయు వచ్చినపిదప అది దూరపు పట్టణములకు చేరినది; క్రమముగా ఖరీదైన వంటకమైనది. వెల పెరిగినకొలది వేటయు పెరిగినది.

ఇచ్చటనే మనవంటి వ్యవసాయదారులు గ్రహింపవలసిన విషయ మున్నది. ఆడ లాబ్‌స్టరు తన గ్రుడ్లను తోకక్రింద లక్షలకొలది మోయును. అట్టిదానిని వండుకొనుట విత్తనపు గింజలను వండుకొనుట వంటిది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున జాలరులు గ్రుడ్లున్నదానిని పట్టినచో, తోకరెక్కపై చిన్న గాటుపెట్టి నీటిలో విడుతురు. మఱునాడు వేఱొక జాలరి బోనులో అది పడినను, గ్రుడ్లు లేకున్నను, ఆ గాటును చూచి అతడును విడిచిపెట్టవలెను. మన ప్రభుత్వము 2003లో ఎగుమతికి కనీసపు తూకములు విధించినది. ముండ్ల జాతులలో ఒకదానికి 200, మఱొకదానికి 300, వేఱొకదానికి 500 గ్రాములు. ఎగుమతికి విధించిన ఆ తూకమును మన పళ్ళెమునకు గూడ పాటించుట మేలు.

మఱియొక సంగతి. తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, 61 దినములు, మరబోట్ల వేట నిషిద్ధము. చేపలును రొయ్యలును పిల్లలు పెట్టుటకై ఏర్పఱచిన విరామ మది. మన పిల్లల సెలవులును చాలవఱకు అప్పుడే! ఆ దినములలో తీరమున లాబ్‌స్టరు కావలెనని పట్టుపట్టినచో, మంచుగడ్డలలో నిలువయుంచినదియో, నిషేధమును దాటి పట్టినదియో మన విస్తరిలోనికి వచ్చును. దానికంటె చెఱువు రొయ్యల వేపుడుతో తృప్తిపడుట మంచిది. లాబ్‌స్టరుపై మనసున్నవారు సంక్రాంతి దాటినపిదప, నిషేధమునకు ముందే పోయి రావలెను.

విందు వలదని నేను చెప్పుట లేదు. కుటుంబ మంతయు ఒక్కచో కూర్చుండి, సముద్రపుగాలిలో పెంకు పగులగొట్టుకొని తినుటలోని ఆనందము ఇంటివంటలో దొరకదు. అయితే హోటలువానిని వంటకు ముందే పిలిచి, "అబ్బాయీ, తోకక్రింద గ్రుడ్లున్నవేమో చూపుము, ఉన్నచో మాకు వలదు" అని పెద్దలు చెప్పవలెను. కొనువాడు వలదన్నది అమ్మువాడు తేడు. 61 దినములు బోటు గట్టుననుంచి జాలరి తన రాబడిని వదలుకొనుచున్నాడు. మనము ఒక పూట రుచిని వదలుకొనలేమా? ఆ మాట విన్న మనుమలు తమ మనుమలతో ఆ తీరమునకే పోయినప్పుడు, అచ్చట పళ్ళెము వట్టిపోకుండును.