రంగు ఆరకముందే కడగండి

క్రిస్మస్ నాటిక కోసం మా సంఘపు యౌవనస్థుడొకడు కడపలో గుడ్డమీద బేత్లెహేము రాత్రిని చిత్రిస్తున్నాడు. చేతిలో ఉన్నది చనిపోయిన తండ్రి వాడిన ఎయిర్‌బ్రష్. ఆయన ఫొటో స్టూడియోలో పెద్ద ఫొటోలకు మెరుగులు దిద్దేవారు. కంప్యూటర్లు రాకముందు ఆ పనికి ఇదే సాధనం. ఆకాశం సగమయ్యేసరికి క్యారల్స్‌కు పిలుపు వచ్చింది. కప్పులో నీలం రంగు అలాగే వదిలి వెళ్లాడు. తెల్లవారి చూస్తే సూది కదలదు. కటింగ్ ప్లేయర్ పట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

"గట్టిగా లాగితే వస్తుందా సార్? ఇది మా నాయనది" అన్నాడు.

ముందు ఆ ప్లేయర్‌ను పక్కన పెట్టించాను.

పేరుకు బ్రష్ గాని దీనికి వెంట్రుకలుండవు. 1879లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో అబ్నర్ పీలర్ అనే ఆయన నీటిరంగుల కోసం దీన్ని తయారుచేశాడు. గాలి విసురుకు రంగు తుంపరగా పడుతుంది. నాజిల్ రంధ్రం చాలావాటిలో 0.2 నుండి 0.5 మిల్లీమీటర్లే, దాని మధ్యలో సన్నని సూది. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వస్తాయి. అంత ఇరుకు దారిలో కాస్త రంగు ఆరినా పని ఆగినట్టే.

కర్నూలు, కడప ఎండలు, పొడిగాలి మనకు కొత్తవి కావు. సముద్రతీరంలో కాసేపు ఆగే రంగు ఇక్కడ మన కళ్లముందే మొనమీద గట్టిపడుతుంది. వేసవిలో నేను ఫ్యాను కూడా ఆపేస్తాను; చెమటలు పడితే పట్టనీ. అక్రిలిక్ రంగులో ఆరడం ఆలస్యం చేసే రిటార్డరు ఒకటి రెండు చుక్కలు కలుపుకోవచ్చు. పని మధ్యలో తడి బ్రష్‌తో మొనను తుడుస్తూ ఉండాలి.

ఇక నీళ్లు. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర చూస్తూనే ఉంటాం. ఆ ఉప్పే నాజిల్‌లోనూ పేరుకుంటుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకుంటే చాలాకాలం వస్తుంది.

రంగు మార్చినప్పుడల్లా కప్పు తుడిచి, అక్రిలిక్ అయితే నీళ్లు, ఎనామెల్ అయితే టర్పెంటైను పోసి, తెల్లగా వచ్చేదాకా పాత గుడ్డమీదికి కొట్టాలి. పని ముగిశాక సూదిని పట్టుకున్న నట్టు వదులుచేసి, దాన్ని నెమ్మదిగా వెనక్కి తీసి, మొన వైపుకే తుడవాలి. తిరిగి పెట్టేటప్పుడు తగిలిన చోటే ఆగండి. గట్టిగా నెడితే నాజిల్ చీలుతుంది. మొత్తం ఎయిర్‌బ్రష్‌ను థిన్నరులో నానబెట్టేవాళ్లున్నారు. అది తప్పు, లోపలి రబ్బరు రింగులు ఉబ్బిపోతాయి.

నిర్గమకాండము 37వ అధ్యాయములో బెసలేలు దీపవృక్షముతోపాటు వత్తులు సవరించే పనిముట్లను కూడా మేలిమి బంగారంతోనే చేశాడు. మనమేమో చినిగిన బనియన్ ముక్క కూడా సిద్ధంగా పెట్టుకోము!

తల్లులకు ఒక మాట. ఆ తుంపర పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిటికీలు తెరిపించి, మంచి మాస్కు కట్టించండి. థిన్నరు ఆవిరికి నిప్పంటుకుంటుంది గనుక వంటింటి దరిదాపుల్లో వద్దు.

ఆ అబ్బాయి ఎయిర్‌బ్రష్ మూతిని మాత్రమే క్లీనరులో ముంచి, కప్పులో నాలుగు చుక్కలు వేసి మధ్యాహ్నందాకా ఆగాము. సూది తనంతట తానే కదిలింది. అయితే నా దగ్గరకు రాకముందే ఒకసారి లాగాడట, మొన కొద్దిగా వంగింది. అద్దంమీద పెట్టి మెల్లగా దొర్లిస్తూ కొంత సరిచేశాము. ఆకాశం పూర్తయింది గాని సన్నని గీత పడటం లేదు. కొత్త సూది దొరికేదాకా ఆగే వ్యవధి లేక, నక్షత్రాన్ని మామూలు బ్రష్‌తోనే వేశాడు.