సముద్రపు శూకపురుగులు – వరిపొలంలోని కార్టాప్

వానపామును వేళ్లతో నిమిరితే కొంత గరుకుగా తగులుతుంది. దాదాపు ప్రతి ఖండితంలోనూ ఉండే సూక్ష్మ శూకాలే ఇందుకు కారణం. అదే అనెలిడా వర్గానికి చెందిన సముద్రజీవులైన పాలీకీటాలలో ఈ శూకాలు పార్శ్వపాదాలపై కుచ్చులుగా పెరుగుతాయి. వీటిలో అగ్నిపురుగుగా పేరొందిన యూరిథో కాంప్లనేటా వెచ్చని సముద్రాలలో పగలు రాళ్ల కింద దాగి, రాత్రివేళ ఆహారానికై వెలువడుతుంది. రాత్రిపూట సముద్రంలో మునిగి ఈదేవారు దీనిని పొరపాటున తాకితే, పెళుసైన తెల్లని శూకాలు చర్మంలో గుచ్చుకొని విరిగి, తీవ్రమైన మంటను, వాపును కలిగిస్తాయి. రుద్దినకొద్దీ అవి లోతుకు దిగుతాయి కనుక అంటుపట్టీతో పైకి లాగడం మేలు. 2008లో జపాను శాస్త్రవేత్తలు ఈ పురుగు నుండి వాపును కలిగించే కాంప్లనీన్ అనే పదార్థాన్ని వేరుచేశారు.

వ్యవసాయ విద్యార్థులు ఇంతకంటె ముఖ్యంగా తెలుసుకోవలసినది మరొక పాలీకీటాను గురించి. జపానులో గాలపు ఎరగా వాడే లంబ్రికోనెరీస్ హెటెరోపోడా అనే పురుగు కళేబరాన్ని తాకిన ఈగలు చనిపోవడం అక్కడివారు గమనించారు. 1934లో నిట్టా అందులోని విషాన్ని వేరుచేసి నెరీస్‌టాక్సిన్ అని పేరు పెట్టారు. దాని రసాయన నిర్మాణం 1962లో తేలింది. ఆ నమూనాపై టకెడా సంస్థ 1960వ దశకంలో రూపొందించిన మందే కార్టాప్ హైడ్రోక్లోరైడ్. వరిలో కాండం తొలుచు పురుగుకు, ఆకుముడతకు మన రైతులు గుళికలుగాను, నీటిలో కరిగే పొడిగాను వాడుతున్నది ఇదే.

కీటక శరీరంలో కార్టాప్ నెరీస్‌టాక్సిన్‌గా మారి, నాడీకణాలపై ఉండే ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను అడ్డగిస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ల వలె ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను నిరోధించడం దీని ప్రధాన చర్య కాదు. అందువలన వరుస పిచికారీలలో మందు మార్చవలసి వచ్చినపుడు దీనిని వేరొక వర్గంగా లెక్కించవచ్చును. మందు సోకిన లద్దెపురుగు చచ్చుబడి, తినడం మానివేస్తుంది. పురుగు ఇంకా ఆకుపైనే కనబడుతున్నదని మరునాడే తిరిగి పిచికారీ చేయడం వృథా వ్యయం.

సముద్రజీవి నుండి పుట్టినదన్న మాట విని దీనిని సేంద్రియ మందుగా భావించరాదు. ఇది పూర్తిగా కృత్రిమంగా తయారైన రసాయనం. చేపలకు హానికరం, పట్టుపురుగులకు అత్యంత విషపూరితం. మల్బరీ తోటల పక్కనున్న వరి మడులలో, చేపల చెరువులకు నీరు పారే పొలాలలో దీనిని సిఫారసు చేసేముందు గాలివాటాన్ని, మురుగునీటి దారిని విస్తరణ శాస్త్రవేత్తలు స్వయంగా చూడవలెను. ప్రమాదవశాత్తు ఎవరైనా మందు మింగితే, రోగితో పాటు ఆ పొట్లాన్ని కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లాలని రైతులకు ముందే చెప్పి ఉంచాలి.