సంగటి ముద్దకు ఏ సీసా జోడీ?

మన సినిమాల్లో వైన్ గ్లాసు పట్టుకునే హక్కు ఎవరిదండీ? విలన్‌దే! సిల్కు గౌను, మెలికలు తిరిగిన మెట్లు, చేతిలో ఎర్రటి గ్లాసు... హీరో తాగితే మాత్రం ఏకంగా సీసాయే. అయితే 'దేవదాసు' (1953)లో అక్కినేని మత్తుకళ్ల వెనక ఉన్నది మందు కాదు, పెరుగన్నం! రాత్రి షూటింగుకు ముందు దండిగా తిని, నిద్ర ముంచుకొచ్చే కళ్లతో నటించానని ఆయనే చెప్పేవారు.

తెరమీద అలా చెల్లిపోతుంది. ఇంటికి భోజనానికి పిలిచిన వాళ్ల దగ్గర చెల్లదు గదా! మైదుకూరులో మా ఇంటికి వచ్చేవాళ్లంతా ఒక్క తీరు కాదు. ప్రొద్దుటూరు మిత్రుడు వైన్ అంటేనే హుషారు. జమ్మలమడుగు మామకు బ్రాందీ తప్ప మరొకటి మందే కాదు. పులివెందుల అన్న చుక్క ముట్టడు. ముగ్గురినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి, ఏ ఒక్కరి మర్యాదా తగ్గకుండా వడ్డించాలి. అదీ నా తంటా!

నా పద్ధతి ఒకటే. ముందు విస్తరి, తర్వాత సీసా. విస్తట్లో ఏముంది? రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి. మిరపకాయ మంటను పసిగట్టే నరాల కొసలనే మద్యమూ రెచ్చగొడుతుంది. అందుకే 42.8 శాతం బ్రాందీ పోశారంటే నోట్లో అగ్గే తప్ప కోడి రుచి గోవిందా! వైన్‌లో మద్యం మామూలుగా 12 నుంచి 14 శాతమే.

అందులోనూ విలన్‌గారి ఎర్ర వైన్ వద్దు. ద్రాక్ష తోలు, గింజల నుంచి దిగిన వగరు కారంతో కలిసిందా, నాలుక మీద గరుకు కాగితం రుద్దినట్టే. కొంచెం తీపి తగిలే తెల్ల వైన్ అయితే ఆ తీపి మంటను దించుతుంది, దాని పులుపు చింతపండు పులుసుతో వియ్యమందుతుంది. షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసే కొన్ని వైన్లు ఈ కోవలోవే. నాసిక్‌లో సులా 1999లో మొదలైంది. మనకు ఇంకా దగ్గర, నంది కొండల కింద గ్రోవర్ వాళ్ల తోట 1988 నాటిది. వైన్ అంటే ఫ్రాన్సు నుంచే దిగాలనే రోజులు పోయాయి లెండి.

అన్నట్టు, ఎర్ర వైన్‌ను 'గది చలువ'లో ఇవ్వాలని పుస్తకాల్లో ఉంటుంది. ఎవరి గది? యూరప్ వాళ్లది, 16, 18 డిగ్రీలది! మన మే నెల గది సంగతి మీకు తెలియనిదా? ఎర్రదైనా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. తెల్లదయితే రెండు మూడు గంటలు. ఎండలో బండి డిక్కీలో మరిచిపోయిన సీసాను అతిథి ముందు పెట్టకండి.

ఇక కొనడం. మన ఊళ్లలో బోర్డు మీద 'వైన్స్' అని ఉంటుంది, లోపల వరసలన్నీ బ్రాందీ, విస్కీలే! 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పెట్టిన మద్యనిషేధం 1997లో సడలింది. 2019లో దుకాణాలు సర్కారు చేతికి పోయి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువయ్యాయి. ఎవరు అమ్మినా తెల్ల వైన్ అడిగితే కుర్రాడు మూల వెతకాల్సిందే. బెంగళూరు నుంచి డజను తెస్తానని బావమరిది ఉబలాటపడితే ఆపండి, సరిహద్దు దాటే సీసాకు ఎక్సైజు నిబంధనలున్నాయి. మనకెంత కావాలి? 750 మిల్లీలీటర్ల సీసా ఐదు గ్లాసులొస్తుంది.

మామ మొదటి గుక్కకే మొహం చిట్లించి, "ఏందబ్బీ ఇది, ఘాటే లేకపాయె!" అన్నాడు. "పులుసు కలుపుకొని తాగు మామా" అన్నాను. రెండో ముద్దకు గ్లాసు ముందుకు జరిపాడు. అంతకు మించిన సర్టిఫికెట్టు నాకక్కర్లేదు.

మరి మా అన్న? ఆయనకూ అదే గాజు గ్లాసు, అందులో పులివెందుల చీనీకాయల రసం. తాగనివాడికి స్టీలు లోటాలో నీళ్లిచ్చి పక్కన కూర్చోబెట్టడం నాకు నచ్చదు. "ఒక్క గుక్కేలే" అని బతిమాలడం అంతకన్నా నచ్చదు. 21 నిండని తమ్ముళ్లకూ చీనీ రసమే, అది చట్టం. తెల్లవారి బ్రహ్మంగారి మఠం దర్శనానికి వెళ్లే చుట్టాలు దిగితే ఆ రాత్రి సీసా బీరువా దాటదు, నన్నారి షర్బత్ చాలు.

భోజనమయ్యాక ప్రొద్దుటూరు మిత్రుడు బండి తాళం తీస్తాడు చూడండి, లాక్కోండి! మిద్దె మీద నులకమంచం వేయండి. పొద్దున్నే కారందోసె తిని పోవచ్చు.